తెల్లావిడ అడుగులు

వాల్దెసొంబ్ర,
1969 అక్టోబరు చివర

చెల్లీ ఎంగ్రాసియా,

నువ్వు పంపిన ఉన్ని శాలువా చేరింది. అమ్మ దాన్ని వాసన చూసి, "సముద్రం వాసనొస్తోందే" అని మడతపెట్టి పెట్టెలో దాచేసింది. కప్పుకోదు, నీకు తెలిసిందేగా. ఈ ఏడు చెస్ట్‌నట్ కాపు బాగుంది. నడుం పడిపోయేలా ఏరుతున్నాను.

ఇక్కడో వింత జరిగింది. పక్క ఊళ్ళో నూనె గానుగ దగ్గర ఉండే సతుర్నీనో గుర్తున్నాడా? అంతర్యుద్ధంలో పోయాడని వాళ్ళావిడ ముప్ఫై ఏళ్ళుగా నల్లబట్టలే కడుతోంది. ఆయన పోయిన నెల పశువుల కొట్టం గోడ వెనకనుంచి బయటికొచ్చాడు. పాత యుద్ధం నాటి నేరాలన్నీ ఇక మాఫీ అని ప్రభుత్వం ప్రకటించింది కదా, అది నమ్మడానికి ఆయనకి ఎండాకాలమంతా పట్టిందట. జనం తిరునాళ్ళకి పోయినట్టు పోయి చూసొస్తున్నారు. నేనూ వెళ్ళాను. మనిషి పిండిముద్దలా ఉన్నాడు. ఎండలో కళ్ళు తెరవలేడు. మాట కూడా గుసగుసే, గట్టిగా మాట్లాడడం మరిచిపోయాడట. భార్య చెయ్యిపట్టి నడిపిస్తోంది, ఇంకా ఆ నల్లబట్టల్లోనే.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. కాయలు ఒలుస్తున్న చెయ్యి ఆగింది. "ఆవిడది అదృష్టం" అంది.

మర్నాటినుంచి అమ్మ వరస మారింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరంతా కిటికీలు మూసుకుని కునుకు తీస్తుందా, ఆ వేళప్పుడు నిచ్చెన వేసుకుని అటకెక్కుతోంది. కాసేపటికి నడక వినిపిస్తుంది. అటకమీది దయ్యం, ఆ తెల్లావిడ మాట నీ దగ్గర ఎప్పుడూ ఎత్తనని నీ పెళ్ళినాడు ఒట్టేశాను. తప్పుతున్నాను, ఏమనుకోకు. ఒక అడుగు బరువుగా పడుతుంది, రెండోది ఈడ్చినట్టుంటుంది. చిన్నప్పుడు నువ్వు విన్నానని చెప్పేదానివే, ఆ నడకే. అమ్మకి కాళ్ళు బాగానే ఉన్నాయి. కిందికి దిగాక మామూలుగానే నడుస్తుంది.

నిన్న దిగొచ్చి, "నిద్రపోయిందా?" అని మెల్లిగా అడిగింది. ఎవరమ్మా అన్నాను. "ఎవరేమిటి, మీ నాయనమ్మ" అంది.

నాయనమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. నాకు ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు.

మీ అక్క
కాసిల్దా


బిల్బావో,
నవంబరు

అక్కా,

నీ ఉత్తరం ఫ్యాక్టరీలో తిండి వేళప్పుడు చదివాను. ఆ తర్వాత కుట్టిన వానకోట్లు రెండు పాడుచేసి సూపర్‌వైజరు చేత మాటలు పడ్డాను.

ఎందుకు రాశావు నాకిది? ఈ చిట్టచివరి ఐదో అంతస్తు కొంపలో లిఫ్టు లేకుండా ఎందుకు పడున్నానో మా ఆయన ఇసిద్రోకి ఈనాటికీ తెలీదు. గాలి కోసం అని చెప్పాను. నెత్తిమీద ఎవరూ నడవకూడదు, అదీ సంగతి. ఇప్పటికీ దీపం ఆర్పి పడుకోలేను. మా ఆయన మొహానికి తువ్వాలు కప్పుకుని పడుకుంటాడు పాపం, పల్లెత్తు మాట అనకుండా.

మీరెవరూ నన్ను నమ్మలేదని అనుకునేదాన్ని. కానీ అమ్మ నమ్మించిందే నన్ను. "అటకమీద తెల్లావిడ ఉంది, తలెత్తి చూశావంటే నీ కళ్ళు తీసుకుపోతుంది" అని చెప్పింది అమ్మే. మరిప్పుడు అమ్మే ఎందుకలా నడుస్తోంది? ఆవిడ అమ్మని పట్టుకుందా? నవ్వకు. ముప్ఫై నాలుగేళ్ళదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, అయినా అడుగుతున్నాను.

ఆ నడక ఎలా ఉంటుందో నీకెలా తెలుసు? నేను చెప్పింది విని రాశావా, నువ్వే విన్నావా? నిజం చెప్పు.

ఎంగ్రాసియా


వాల్దెసొంబ్ర,
నవంబరు నెలాఖరు

చెల్లీ,

ఈ ఉత్తరం ఒక్కదానివీ కూర్చుని చదువుకో.

తెల్లావిడ లేదు. ఎప్పుడూ లేదు. అటకమీద నడిచింది నాన్న.

నాన్న సరిహద్దు దాటి ఫ్రాన్సు పారిపోయి అక్కడే చనిపోయాడని మనకీ ఊరికీ చెప్పిందంతా కట్టుకథ. యుద్ధం అయిపోయిన వసంతంలో, తుంటిలో తూటా దెబ్బతో, కొండ దారిన ఇంటికొచ్చాడు. ఓడిన పక్షంవాడు కాబట్టి, గార్డులకి దొరికితే కాల్చేస్తారు. అటక చివర ఎండుగడ్డి వెనక అమ్మ ఒక చెక్క గోడ కట్టించింది. ఆ దెబ్బవల్లే ఆ నడక. పగలంతా గూట్లో ముడుచుకునేవాడు. కాళ్ళు బిగుసుకుపోతే కాస్త నడిచేవాడు. పదేళ్ళదాన్ని కాబట్టి నాకు చెప్పక తప్పలేదు, అన్నం నేనే పైకి పట్టుకెళ్ళేదాన్ని. నువ్వు నాలుగేళ్ళ పిల్లవి. పైగా నీ నోట్లో ఏ మాటా ఆగేది కాదు.

నీకు గుర్తుందో లేదో, ఒకసారి గార్డులు వీధి చివర నిలబడి పిల్లలకి చక్కెర పూసిన బాదంపప్పులు పంచారు. వాళ్ళ పెద్దాయన నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నేను నీళ్ళ కుండతో అక్కడే ఉన్నాను.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారే, బంగారం?" అన్నాడు.

"అమ్మ, అక్క, నాయనమ్మ" అన్నావు. బాదంపప్పు నోట్లో వేసుకుని, "ఇంకా అటకమీద తెల్లావిడ" అన్నావు.

"ఎలా ఉంటుంది?"

"నాకు తెలీదు. చూస్తే కళ్ళు తీసుకుపోతుంది. నడిస్తే మాత్రం ఇట్లా నడుస్తుంది."

దిగి కుంటుతూ నడిచి చూపించావు. నా చేతిలో కుండ జారిపోయింది. పెద్దాయన నీ మొహం చూశాడు. నీ కళ్ళనిండా నీళ్ళు, నిజంగా వణుకుతున్నావు. అప్పుడు మిగతా గార్డులు నవ్వారు, ఆయనా నవ్వాడు. మళ్ళీ మన ఇంటి గడప తొక్కలేదు. అబద్ధమని తెలిసి చెప్పుంటే నీ మొహం పట్టించేసేది. నీకది నిజం కాబట్టే నాన్న బతికాడు.

నువ్వు అటక తలుపు కింద నిలబడి, చచ్చిపో, వెళ్ళిపో అని కేకలు పెట్టిన రోజొకటుంది. ఆ సాయంత్రం అన్నం పట్టుకెళితే నాన్న గోనెగుడ్డ చింపి పాదాలకి చుట్టుకుంటున్నాడు. "చిన్నది భయపడుతోంది" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ గుడ్డలు లేకుండా నడవలేదు.

ఊపిరితిత్తులు పాడై నలభై మూడు శీతాకాలంలో పోయాడు. నేనప్పుడు సెవిల్‌లో ఆ లాయరుగారింట్లో పనిలో ఉన్నాను. నాలుగేళ్ళ తర్వాత తిరిగొచ్చాక అమ్మ చెప్పింది, పెరట్లో చెస్ట్‌నట్ చెట్ల వెనక ఉన్నాడని.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావు. అమ్మ ఒట్టు వేయించుకుంది, అదొకటి. చెప్పాక నువ్వు నా మొహం ఎలా చూస్తావో అన్నది రెండోది.

కాసిల్దా


బిల్బావో,
డిసెంబరు

కాసిల్దా,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

నాన్న మొహం నాకు గుర్తులేదు. ఫొటో కూడా లేదు, అమ్మ కాల్చేసింది. ఆయన నెత్తిమీద తిరుగుతుంటే నేను కింద మోకాళ్ళమీద కూర్చుని, పైనున్నదాన్ని తగలబెట్టు దేవుడా అని ప్రార్థించాను. గట్టిగా ప్రార్థిస్తే దేవుడికి బాగా వినిపిస్తుందని గట్టిగానే ప్రార్థించాను. అది కూడా నువ్వు విన్నావు. నాన్నా విన్నాడు. మీకందరికీ తెలుసు, నాకు తప్ప. గార్డుల ముందు నన్ను ఎరగా పెట్టారు. నాన్న బతికాడంటున్నావు. సరే. మరి నాన్న పోయాకైనా నన్ను బతకనివ్వాల్సింది కదా?

ఒక్క మాట అడుగుతాను. నువ్వు నలభై మూడులో పోయాడంటున్నావు. నలభై నాలుగు మే నెలలో నేను మొదటిసారి చర్చిలో ప్రసాదం తీసుకున్నాను. తెల్లగౌను వేసుకుని అద్దం ముందు నిలబడ్డప్పుడు పైన నడిచింది. గోనెగుడ్డలన్నావే, అవి నాకూ గుర్తే, ఒకప్పుడు అడుగులు మెత్తగా ఉండేవి. తర్వాత గట్టిపడ్డాయి. బూట్ల చప్పుడు. తెల్లావిడకి కోపం పెరిగిందనుకున్నాను. నాయనమ్మ పోయేదాకా రోజూ విన్నాను. నువ్వు ఊళ్ళో లేవు, నేనున్నాను. నాన్న మట్టిలో ఉంటే ఆ నడిచిందెవరు?

అమ్మని అడుగు. ఇంకొకటి, ఆ ఇంట్లో అబద్ధాలు చాలు. నాయనమ్మ లేదు, నాన్న లేడు, పైకెక్కొద్దు అని అమ్మ మొహంమీదే చెప్పు. మళ్ళీ మళ్ళీ చెప్పు.

ఎంగ్రాసియా


వాల్దెసొంబ్ర,
క్రిస్మస్ ముందు

చెల్లీ,

అడిగాను. అమ్మ ఆ పూట తేటగా ఉంది. నిప్పుల కుంపటి దగ్గర కూర్చుని చెప్పింది.

నాయనమ్మ ఆ కింది గదిలో మంచంపట్టి ఉండేది కదా. కొడుకు పైన ఉన్నాడని ఆవిడకి తెలుసు. ఆవిడ నిచ్చెనెక్కలేదు, ఆయన దిగలేడు. అందుకని చేతికర్రతో పైకప్పు తట్టేదట. ఆయన లేచి నడిచేవాడట. వాళ్ళిద్దరి మాటామంతీ అదే.

"మీ నాన్న తెల్లారకముందే పోయాడు" అంది అమ్మ. "ఒక్కదాన్నే దింపాను, ఒక్కదాన్నే తవ్వాను. వచ్చి చేతులు కడుక్కుంటున్నాను. ఆవిడ తట్టింది."

"ఏం చేశావమ్మా?"

"ఏం చేస్తాను? ఆయన బూట్లేసుకుని పైకెక్కాను."

బూట్లెందుకు, ఆయన గుడ్డలు చుట్టుకునేవాడు కదా అన్నాను. అప్పటికి నాయనమ్మకి బాగా చెవుడొచ్చిందట. గుడ్డల నడక ఆవిడకి వినిపించదు. నీకు వినిపిస్తుందని, నువ్వు హడలిపోతావని అమ్మకి తెలుసా? అదీ అడిగాను.

"తెలుసు" అంది. కుంపట్లో నిప్పులు కదిపింది. "ఒకరికి కొడుకు, ఒకరికి దయ్యం. అటక ఒకటే. నేనేం చెయ్యను చెప్పు."

నువ్వు చెప్పమన్నట్టే ఆ మర్నాడు చెప్పాను. నాయనమ్మ పోయింది, నాన్న పోయాడు, నడవక్కర్లేదు అన్నాను. చెల్లీ, కబురు అప్పుడే చెవినపడ్డట్టు గుండెలు బాదుకుంది. ఎవరు కడిగారు, దుప్పటి ఏది కప్పారు, ఫాదరుని పిలిచారా అని అడిగింది. సాయంత్రానికి సొమ్మసిల్లి పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం, "తడుతోంది, నేను పోవాలి" అని నిచ్చెన దగ్గరికి పోయింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే ఏడుపు, అవే ప్రశ్నలు. ఆ పై రోజు నా వల్ల కాలేదు. నిజం ఆమెని రోజుకొకసారి విధవని చేస్తోంది.

ఇప్పుడు పైనే ఉండిపోతోంది. తట్టడం ఆగడం లేదంటుంది. నేను ఆ గదిలో కూర్చుని చెవులు రిక్కించి విన్నాను, నాకేం వినిపించలేదు. అటకమీద చలికి నీళ్ళు గడ్డకడుతున్నాయి. దగ్గు పట్టుకుంది. లాగి దింపబోతే నిచ్చెనమీదే పెనుగులాడింది, ఇద్దరం పడాల్సింది.

నామీద కోపం ఉంచుకో. కానీ ఒక్కసారి రా.

అక్క


బిల్బావో,
జనవరి

అక్కా,

బస్సు, రెండు రైళ్ళు మారి ఇంటికి చేరాను. పిల్లలు బాగున్నారు. నువ్వు కట్టిచ్చిన సాసేజీలు నేను రైలు దిగిన రోజే మా ఆయన సగం లాగించాడు.

అక్కడ నీకు చెప్పలేక వచ్చేశాను, ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు డాక్టరుకోసం పక్క ఊరెళ్ళిన రోజు మధ్యాహ్నం అమ్మ అటకదిగింది కదా, ఎలా దిగిందని నువ్వు నన్ను మూడుసార్లు అడిగావు. తనంతట తనే దిగిందన్నాను. అది కాదు జరిగింది.

నువ్వెళ్ళాక మంచు మొదలైంది. ఇంట్లో నేనూ, పైన ఆ నడకా. వీధిలోకి పారిపోదామనుకున్నాను. తలుపు దాకా వెళ్ళాను కూడా. పైనుంచి దగ్గు వినిపించింది. దయ్యాలు దగ్గవు కదా అనుకున్నాను. వెనక్కొచ్చి, నాయనమ్మ గదిలోకెళ్ళి ఆవిడ మంచంమీద పడుకున్నాను. ఎందుకు పడుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. అడుగులు సరిగ్గా నా మొహంమీదే పడుతున్నాయి. తట్టి చూద్దామన్న ఆలోచన వచ్చింది. తట్టడానికి ఆ గదిలో మంచం తప్ప కర్రా లేదు, చీపురూ లేదు. ఉన్నా నాకు చెయ్యి లేచేది కాదు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పడున్నాను. అలా పడుకునే నాయనమ్మలా గొంతు బొంగురు పెట్టి అరిచాను.

"అమ్మాయ్ బసిలీసా. వాడు నిద్రపోయాడే. ఇక చాలు, నువ్వొచ్చి కాస్త నడుం వాల్చు."

నడక ఆగింది. నిచ్చెన చప్పుడైంది. అమ్మ గదిలోకొచ్చి మంచం చివర కూర్చుని బూట్లు విప్పింది. రెండూ పక్కపక్కన సర్ది పెట్టింది. నా పక్కన పడుకుని గోడవైపు తిరిగింది. పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయి, వాటిని నా కాళ్ళమధ్య పెట్టుకున్నాను. నువ్వొచ్చేసరికి గురకపెడుతోంది.

అబద్ధాలు చాలని నీకు రాసిన చేతులే ఇవి. అమ్మని క్షమించానా అంటే తెలీదక్కా. ఆ పాదాలు వెచ్చబడేదాకా ఆ సంగతి గుర్తుకు రాలేదు, అంతే చెప్పగలను. నిన్ను అక్కా అనే రాశాను, చూశావుగా.

నీ చెల్లి


వాల్దెసొంబ్ర,
మార్చి

చెల్లీ,

టెలిగ్రాం అంది ఉంటుంది. మంచులో రైళ్ళు ఆగిపోయాయని తెలుసు, నువ్వు రాలేకపోయావని ఎవరూ ఏమీ అనుకోలేదు. అమ్మ భోజనం చేసి పడుకుని మళ్ళీ లేవలేదు. నువ్వెళ్ళాక ఒక్కరోజు కూడా అటకెక్కలేదు. నీ శాలువా కప్పే పంపాను. ఫాదరు ఒప్పుకున్నాక నాన్న ఎముకల్ని పెరట్లోంచి తీసి ఆమె పక్కనే పెట్టాం. సమాధి రాయిమీద ఆయన పేరు చెక్కించాను, ఎలాదియో అని. ఊళ్ళో వాళ్ళందరూ వచ్చారు. చాలామంది ఏమీ అడగలేదు.

పోయే ముందు వారం అమ్మకి బాగా తెలివొచ్చింది. గిన్నెలో సూపు కలుపుతూ నవ్వుకుంటోంది. ఏమిటమ్మా అన్నాను.

"ఆ రోజు నన్ను పిలిచింది మా అత్త అనుకున్నాననుకున్నావా? ఎంగ్రాసియా అని నాకు తెలుసు" అంది. "దానికి ముసలిగొంతు పెట్టడం ఏం వచ్చు. అంత దూరంనుంచి వచ్చి, అంత భయంలో, నా కోసం అబద్ధమాడింది. దిగకపోతే దాని మనసు ఏమైపోతుంది? దిగాను."

నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. నీకు ఈ మాట రాయాలని అప్పుడే అనుకున్నాను. అమ్మ ఇంకా చెబుతోంది.

"కానీ పిలిచే ముందు తట్టింది చూడు, అది మాత్రం అచ్చం మా అత్త తట్టినట్టే తట్టింది. ఎక్కడ నేర్చుకుందో. నా కాళ్ళకింద చెక్క అదిరింది."

అమ్మ పోయాక, ఊరివాళ్ళు వెళ్ళాక, నాయనమ్మ గదిలోకెళ్ళి మంచమెక్కి పైకప్పు చూశాను. పాత గుంటలు చాలా ఉన్నాయి, పొగకి నల్లబడిపోయి. వాటి మధ్య ఒకటి తెల్లగా ఉంది. లోపలి చెక్క రంగు కనిపిస్తోంది. కింద దుప్పటిమీద చెక్కపొట్టు కూడా ఉంది. నాయనమ్మ కర్ర ఆవిడ శవపేటికలోనే పెట్టారని నాకు తెలుసు.

నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నానని రాశావు. గదిలో కర్ర లేదని రాశావు.

తట్టింది నువ్వేనా?

వెంటనే రాయకు, ఎంగ్రాసియా. నాకు పోవడానికి ఇంకో చోటు లేదు. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాలి. మధ్యాహ్నాలు ఇక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నీకు తెలుసు. ఆలోచించి రాయి.

కాసిల్దా


బిల్బావో,
ఏప్రిల్

అక్కా,

తట్టింది నేనే. వంటింట్లోంచి చీపురు తెచ్చుకుని దాని కర్రతో తట్టాను. గట్టిగానే తగిలింది, దుమ్ము నా కళ్ళలో పడింది. ఆ కంగారులో నీకు రాయడం మరిచిపోయాను. నువ్వు ఇంకేమీ మనసులో పెట్టుకోకు. భోంచేసి హాయిగా పడుకో.

సెలవు పెట్టాను. ఈ వారమే బయల్దేరుతున్నాను. నేనొచ్చేదాకా మధ్యాహ్నాలు పొరుగింటి వాళ్ళ దగ్గర కూర్చో. ఆ గదిలో నేను పడుకుంటాను.

నీ చెల్లి
ఎంగ్రాసియా